మా అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేనే నడుపుతున్నాను. కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లు చూస్తారంటారా?

ఫ్రిస్కో_నాన్న | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మావాడు ఈ వేసవితో పదో తరగతి ముగించాడు. గార్డుగా, అంటే బంతి నడిపే స్థానంలో, ఆడతాడు. ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. బూట్లతో కలిపి ఆరడుగులని రాస్తున్నాం. స్కూలు జట్టులో చోటుంది. వేసవిలో ఏఏయూ జట్టుతో (స్కూలుతో సంబంధం లేని క్లబ్బు జట్టు) హ్యూస్టన్, అట్లాంటా, కాన్సస్ సిటీ తిరుగుతున్నాం. వాడి పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఎక్స్‌లోనూ ఖాతాలు తెరిచి నేనే చూసుకుంటున్నాను. ప్రతి మ్యాచ్ వీడియో తీస్తాను, రాత్రి కూర్చుని కత్తిరిస్తాను, పాట జోడించి పెడతాను, కోచ్‌లను వరుసగా ట్యాగ్ చేస్తాను. లైకులు బాగానే వస్తున్నాయి. ఒకరిద్దరు సహాయ కోచ్‌లు కూడా లైకు కొట్టారు. అంతకు మించి ఉలుకూ పలుకూ లేదు.

పోయిన వారం ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై మెట్టు) విశ్వవిద్యాలయం నుంచి వేసవి శిబిరానికి రమ్మని ఉత్తరం వచ్చింది. దాన్ని వాళ్లు మావాడిని గుర్తించినట్టే అనుకోవచ్చా? నేను స్వయంగా కోచ్‌లకు రాస్తే బాగుంటుందా? మా ఆవిడ మాత్రం "ఆడేది వాడా, మీరా?" అంటోంది. మనవాళ్లలో ఈ దారిలో నడిచినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు చెప్పగలరు.

నల్లగొండ_నరసన్న | రాత్రి 10:31

ముందు ఎస్‌ఏటీ మార్కులెన్నో చెప్పండి సార్. నవ్వుతూనే అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి.

పాతకోచ్ | రాత్రి 11:05

ఫ్రిస్కో గారూ, నేను అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో కుర్రాళ్ల జట్టుకు శిక్షణ ఇస్తుంటాను. తిన్నగా చెబుతాను, నొచ్చుకోకండి.

ఆ ఉత్తరం అడుగున రుసుము ఎంతో రాసి ఉంటుంది, చూడండి. శిబిరాల కరపత్రాలు ఏ తరగతి పిల్లవాడికైనా పంపవచ్చు, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలు అడ్డుపడవు. చాలాచోట్ల సహాయ కోచ్‌ల రాబడిలో కొంత ఆ శిబిరాల నుంచే వస్తుంది. వెళ్లవద్దని అనను. మంచి శిక్షణ దొరుకుతుంది, ఆ ప్రాంగణం ఎలా ఉందో చూసి రావచ్చు. గుర్తింపు అనుకుని మాత్రం వెళ్లకండి.

అసలు గుర్తు వేరే ఉంది. డివిజన్ 1 పురుషుల బాస్కెట్‌బాల్‌లో, పదో తరగతి అయిపోయిన వేసవి జూన్ 15 నుంచి కోచ్ నేరుగా పిల్లవాడికి ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. ఒక కుర్రాడు కావాలనుకున్న కోచ్ జూన్ 14 అర్ధరాత్రి గడియారం ముందు కూర్చుంటాడు. ఆ తేదీ దాటింది కదా. మీవాడి ఫోను మోగిందా?

లైకుల సంగతి కూడా చెబుతాను. 2016 ఆగస్టు నుంచి కోచ్‌లు హైస్కూలు ఆటగాళ్ల పోస్టులకు లైకు కొట్టవచ్చు, వాటిని మళ్లీ పంచుకోవచ్చు. కుర్రాడు ఆ కాలేజీకి ఖాయమయ్యేదాకా బహిరంగంగా వ్యాఖ్య మాత్రం రాయకూడదు. అందువల్ల లైకుకు ఖరీదు లేకుండా పోయింది. కాఫీ తాగుతూ నలభై కొట్టేస్తారు.

శాన్‌రామోన్_శ్రీని | ఆదివారం, ఉదయం 7:48

పాతకోచ్ గారితో సగం ఏకీభవిస్తాను. పేజీ దండగ అనేట్టుగా మాట్లాడితే మాత్రం ఒప్పుకోను.

పెద్ద బూట్ల కంపెనీల లీగుల్లో ఆడే పిల్లలకు పేజీ అక్కర్లేదు. నైకీ వారి ఈవైబీఎల్, అడిడాస్ వారి త్రీ స్ట్రైప్స్, అండర్ ఆర్మర్ లీగు, వీటిలో ఆడేవాళ్లను చూడటానికి కోచ్‌లే విమానం ఎక్కి వస్తారు. జూలైలో దక్షిణ కరోలినాలోని నార్త్ ఆగస్టాలో పీచ్ జామ్ టోర్నమెంటు జరిగేటప్పుడు గోడ వెంబడి కుర్చీల్లో దేశంలోని పేరున్న కోచ్‌లందరూ కనిపిస్తారు. మన పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు? ఊరి చివర గిడ్డంగిలో ఎనిమిది కోర్టులు గీసిన చోట, ఉదయం ఎనిమిది గంటల మ్యాచ్. అక్కడికి ఎవరొస్తారు? మా పెద్దవాడికి ఒక డివిజన్ 2 కాలేజీ ఆఫర్ వచ్చింది ఎక్స్‌లో పంపిన సందేశం వల్లనే. ఆ కోచ్ మావాడిని అంతకు ముందు కళ్లతో చూడలేదు. ముందు వీడియో చూశాడు, తరువాత పూర్తి మ్యాచ్ అడిగాడు, ఆ తరువాత వచ్చి చూశాడు.

జయన్ విలియమ్సన్ సంగతే తీసుకోండి. స్పార్టన్‌బర్గ్‌లో చిన్న స్కూల్లో ఆడేవాడు. వాడి డంకుల వీడియోలు దేశమంతా తిరిగాయి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు, 2019లో ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగు) జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి ఎంపికగా వెళ్లాడు.

పాతకోచ్ | ఉదయం 8:20

శ్రీని గారూ, జయన్‌ను వీడియో తయారు చేయలేదు. ఆ బరువుతో అంత ఎత్తు ఎగిరేవాడిని సెల్‌ఫోను లేని కాలంలోనైనా పట్టుకుని ఉండేవారు. మీ అబ్బాయి విషయంలో మాత్రం మీరు చెప్పిన వరుస సరిగ్గా ఉంది: సందేశం, చిన్న వీడియో, పూర్తి మ్యాచ్, ఆ తరువాత మనిషి. గమనించారా, ఆ సందేశం పంపింది ఎవరు?

శాన్‌రామోన్_శ్రీని | ఉదయం 8:26

వాడే పంపాడు. నేను అక్షరదోషాలు దిద్దాను.

లెక్కల_మాస్టారు | ఉదయం 9:15

కాస్త అంకెలు పెట్టుకుని మాట్లాడుకుందాం. ఎన్‌సీఏఏ తానే వేసిన లెక్క ప్రకారం దేశంలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు దాదాపు 5 లక్షల 40 వేలు. అన్ని డివిజన్లూ కలిపి ఎన్‌సీఏఏ కాలేజీ జట్లకు చేరేది నూటికి మూడున్నర మంది. డివిజన్ 1కు చేరేది నూటికి ఒక్కడు. అమ్మాయిల్లో కొంచెం మెరుగు, అయినా నూటికి నలుగురే.

డివిజన్ 1లో సుమారు 360 కాలేజీలున్నాయి. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ ఒప్పందం (ఆటగాళ్లు ఎన్‌సీఏఏపై వేసిన దావాలో రాజీ) తరువాత, అందులో చేరిన కాలేజీల్లో పురుషుల జట్టుకు 13 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, 15 మంది ఆటగాళ్ల పరిమితి వచ్చింది. జట్టుకు రెండు చోట్లు పెరిగాయని సంబరపడకండి. అవి హైస్కూలు పిల్లలకు దక్కడం కష్టం, ఎందుకంటే పోటీ పడుతున్నది పక్క ఊరి కుర్రాడొక్కడే కాదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు రాసుకునే జాబితా, మొదలైంది. 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోనక్కరలేదన్నారు. 2024 ఏప్రిల్‌లో, చదువు సవ్యంగా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. 2025 వసంతంలో డివిజన్ 1 పురుషుల ఆటగాళ్లలో 2 వేల మందికి పైగా ఆ పోర్టల్‌లో పేరు రాసుకున్నారు. జట్టుకు 15 చొప్పున లెక్కేస్తే మొత్తం చోట్లు 5,400. ఆ 2 వేలను దీని పక్కన పెట్టి చూడండి.

కోచ్ కుర్చీలో మీరు కూర్చోండి. ఓడితే ఉద్యోగం ఊడుతుంది. ఒకవైపు 22 ఏళ్ల ఆటగాడు, మూడేళ్లు కాలేజీలో ఆడినవాడు, కండ పట్టినవాడు. రెండోవైపు 17 ఏళ్ల పిల్లవాడు, ఇంకా ఎదగాల్సినవాడు. మీరెవరిని తీసుకుంటారు?

నల్లగొండ_నరసన్న | ఉదయం 9:40

మా చిన్నప్పుడు ఊళ్లో పిల్లవాడిని ఏడాది ముందే బడిలో వేయడానికి పుట్టిన తేదీ మార్చి రాయించేవారు. ఇక్కడ చూస్తే ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివించి మరీ ఏడాది వెనక్కి నెడుతున్నారు, బలం పుంజుకుంటాడని. దాన్ని రీక్లాస్ అంటారట. మా పక్కింటాయన నాతో గర్వంగా చెప్పాడు. ఏమనాలో తెలియక అభినందనలు చెప్పి వచ్చాను.

పాతకోచ్ | ఉదయం 9:52

నరసన్నా, ఎదురు దిశలో వెళ్లినవాడూ ఉన్నాడు. కూపర్ ఫ్లాగ్ ఒక ఏడాది ముందుకు జరిగి పదిహేడేళ్లకే డ్యూక్‌లో అడుగుపెట్టాడు, 2025లో డాలస్ వాళ్లు మొదటి ఎంపికగా తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల గురించి ఒక మాట. వాళ్లమ్మ కెల్లీ స్వయంగా కాలేజీ ఆటగత్తె. 1999లో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించిన మెయిన్ విశ్వవిద్యాలయం జట్టు సభ్యురాలు. ఆమెకు ఆట తెలుసు. చాలామంది తల్లిదండ్రులకు ఆట తెలియదు, స్కోరు తెలుసు. తేడా అక్కడే వస్తుంది.

మాధవి_యాష్‌బర్న్ | మధ్యాహ్నం 1:03

నేను ఒక డివిజన్ 3 ఆటగత్తె తల్లిని. ఇప్పటిదాకా ఇక్కడ అందరూ డివిజన్ 1 గురించే మాట్లాడుతున్నారు, డివిజన్ 3 అనగానే "అక్కడ స్కాలర్‌షిప్ ఉండదు కదా" అని మొహం చిట్లిస్తారు. నిజమే, ఆటకని డబ్బివ్వరు. కానీ ఆ జాబితాలో ఉన్న పేర్లు వినండి: ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, షికాగో, ఎమరీ, కార్నెగీ మెలన్, న్యూయార్క్ యూనివర్సిటీ. ఎన్‌వైయూ అమ్మాయిల జట్టు 2024లోనూ 2025లోనూ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా డివిజన్ 3 కప్పు గెలిచింది. మన ఇళ్లలో నిద్రలో కూడా కలవరించే కాలేజీలివి. అక్కడి కోచ్ ఒక అమ్మాయి కావాలనుకుంటే, పదకొండో తరగతి అయ్యాక వేసవిలో మార్కుల పట్టీ తీసుకెళ్లి అడ్మిషన్ల కార్యాలయానికి చూపిస్తాడు. దాన్ని ప్రీ రీడ్ అంటారు. సీటు ఖాయమని కాదు, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఐవీ లీగు డివిజన్ 1లోనే ఉన్నా అక్కడా ఆటకు స్కాలర్‌షిప్ లేదు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయమే.

ఇక తల్లిదండ్రుల సంగతి. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా జూలైలో ఒక టోర్నమెంటుకు వెళ్లాం. బేస్‌లైన్ వెనక మడత కుర్చీల్లో కోచ్‌లు కూర్చున్నారు. కాలేజీ చిహ్నం ఉన్న పోలో చొక్కాలు, ఒళ్లో ఆటగాళ్ల వివరాల పుస్తకం, చేతిలో పెన్ను. ఆ రోజుల్లో వాళ్లు పిల్లలతో గానీ మనతో గానీ మాట్లాడకూడదు, కాబట్టి కళ్లతోనే పని. నేను వాళ్ల వెనకే కూర్చున్నాను. మాకు ఎదురు జట్టులో ఒక అమ్మాయి అద్భుతంగా ఆడుతోంది. వాళ్ల నాన్న మెట్ల మీద నిలబడి, ఆమె బంతి పట్టుకున్న ప్రతిసారీ "నువ్వే వేయి, ఇవ్వకు!" అని కేకలు. తీసేసి బెంచి మీద కూర్చోబెడితే ఆ అమ్మాయి తువ్వాలు విసిరికొట్టి నాన్న వైపు చూసింది. నా ముందున్న కోచ్ ఆమె కేసి చూడలేదు. వెనక్కి తిరిగి, ఆయన కేసి చూసి, పుస్తకంలో ఒక వరుస మీద గీత గీసింది. నాకు ఆ పేజీ కనిపించింది.

కనెక్టికట్ విశ్వవిద్యాలయం అమ్మాయిల జట్టు కోచ్ జీనో ఆరియెమ్మా కూడా ఇదే సంగతి బాహాటంగా చెప్పాడు: తాను బెంచి మీద ఉన్న పిల్లల తీరును కూడా వీడియోలో చూస్తానని, తమ అంకెల కోసమే ఆడేవాళ్లకు ఎంత ప్రతిభ ఉన్నా చోటివ్వనని.

బెంచి_చివరి_కుర్రాడు | మధ్యాహ్నం 2:37

పెద్దలందరికీ నమస్కారం. నేను పోయిన ఏడాదే డిగ్రీ పూర్తి చేశాను, చిన్న కాలేజీలో నాలుగేళ్లు ఆడాను. ఇక్కడ పిల్లల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

అంకుల్, మీరు పెట్టే ప్రతి వీడియో మీ అబ్బాయి జట్టులో అందరూ చూస్తారు. నలుగురు కలిసి నాలుగు పాస్‌లు ఇస్తే పడిన బుట్టలో మీరు చివరి రెండు సెకన్లే కత్తిరించి పెడితే, మిగతా ముగ్గురు లాకర్ గదిలో ఏమనుకుంటారో ఆలోచించండి. పాస్ రావడం తగ్గిపోతుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

మా నాన్న కూడా నా పేజీ నడిపారు. ఒక రాత్రి రిఫరీని, మా స్కూలు కోచ్‌ను కలిపి ఏకిపారేస్తూ పెద్ద పోస్టు పెట్టారు. మరుసటి నెల నేను ఒక కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి సహాయ కోచ్ అంతా మర్యాదగా మాట్లాడి, చివరలో "ఆ ఖాతా మీరే నడుపుతారా?" అని అడిగాడు. అవునంటే నేను తిట్టినట్టు, కాదంటే నాన్న తిట్టినట్టు. ఆ తరువాత వాళ్ల దగ్గర్నుంచి కబురు రాలేదు. అదే కారణమని నేను రుజువు చేయలేను.

పాతకోచ్ | మధ్యాహ్నం 3:10

తమ్ముడూ, బాగా చెప్పావు. 2014లో పెన్ స్టేట్ ఫుట్‌బాల్ సహాయ కోచ్ హెర్బ్ హ్యాండ్, ఒక కుర్రాడిని అతను సోషల్ మీడియాలో పెట్టిన పోస్టుల వల్లే వదులుకున్నామని ట్విట్టర్‌లోనే రాశాడు. ఆట వేరు, రోగం ఒకటే.

ఇక ఆఫర్ పోస్టుల గురించి ఎవరూ ఎత్తలేదు. "దేవుడి దయవల్ల ఫలానా విశ్వవిద్యాలయం నుంచి ఆఫర్ వచ్చింది" అని కాలేజీ చిహ్నంతో బొమ్మ వేసి పెడతారు. ఎంసెట్ ఫలితాల మర్నాడు పత్రికల మొదటి పేజీలో ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని వేసే ర్యాంకుల ప్రకటనలు గుర్తొస్తాయి నాకు. ఆ నోటిమాట ఆఫర్ ఎవరినీ కట్టి పడేయదు. కోచ్ ఒకే చోటుకు ఆరుగురికి ఆఫర్ ఇవ్వవచ్చు. "ఇవాళ సరే అంటే ఈ చోటు నాదేనా?" అని పిల్లవాడు అడగాలి. కోచ్ నీళ్లు నమిలితే అది ఇంకా ఆఫర్ కాలేదు. కాగితం మీద సంతకమయ్యేదాకా ఏదీ లెక్కలోకి రాదు. జాతీయ ఒప్పంద పత్రం అనే పాత పద్ధతిని కూడా 2024 అక్టోబరులో ఎత్తేశారు, ఇప్పుడు నేరుగా ఆర్థిక సహాయ ఒప్పందమే.

ఫ్రిస్కో_నాన్న | సాయంత్రం 5:55

అందరికీ ధన్యవాదాలు. కానీ ఒక్కటి అడగాలి. ముగ్గురు ఆటగాళ్ల తండ్రి లవార్ బాల్ సంగతేమిటి? ఆయన అరిచినంతగా ఎవరూ అరవలేదు. టీవీల్లో కూర్చున్నాడు, సొంత బూట్ల కంపెనీ పెట్టాడు, ఒక్కో జత 495 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. పిల్లలు ఎన్‌బీఏకు వెళ్లలేదా? లోన్జో 2017లో రెండో ఎంపిక, లామెలో 2020లో మూడో ఎంపిక. మరి నోరు మూసుకుని కూర్చున్న తండ్రులకు ఏమొచ్చింది?

లెక్కల_మాస్టారు | సాయంత్రం 6:20

మధ్య కొడుకును మరిచిపోయారు. లియాంజెలో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2017 డిసెంబరులో తండ్రి అక్కడి నుంచి తీసేశాడు. లామెలోను హైస్కూలు మధ్యలో ఆపించి లిథువేనియాకు పంపాడు. లామెలో ఎదిగింది ఆరడుగుల ఏడంగుళాల ఎత్తుతో, పుట్టుకతో వచ్చిన చూపుతో. ఆ ఇంట్లో అరుపులు తీసేసినా ఎత్తు మిగులుతుంది. మన ఇంట్లో?

నోరెత్తని తండ్రి కావాలంటే డెల్ కర్రీని చూడండి. ఆయనే ఎన్‌బీఏలో ఏళ్ల తరబడి ఆడినవాడు. అయినా కొడుకు స్టెఫెన్‌కు ఆయన చదివిన వర్జీనియా టెక్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరమంది. సన్నగా ఉన్నాడన్నారు. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీకి వెళ్లాడు, 2008లో దాన్ని ఎన్‌సీఏఏ టోర్నమెంటు చివరి ఎనిమిది జట్లలో నిలబెట్టాడు. తరువాత ఎన్‌బీఏలో ఎంత పేరు తెచ్చుకున్నాడో అందరికీ తెలుసు.

మాధవి_యాష్‌బర్న్ | సాయంత్రం 6:44

అరవడం ఒక రకం. డబ్బు ఇంకో రకం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కోచ్ జెరోమ్ అలెన్‌కు ఫ్లోరిడాకు చెందిన ఒక వ్యాపారి, కొడుకును బాస్కెట్‌బాల్ ఆటగాడిగా చూపించి సీటు ఇప్పించమని, మొత్తం మీద దాదాపు 3 లక్షల డాలర్లు ముట్టజెప్పాడు. అబ్బాయి కాలేజీలో చేరాడు, జట్టులో ఆడనే లేదు. 2018లో అలెన్ నేరం ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాదే, 2017 సెప్టెంబరులో, ఎఫ్‌బీఐ బయటపెట్టిన వ్యవహారంలో బ్రయన్ బోవెన్ అనే కుర్రాడి తండ్రికి లూయివిల్‌లో చేర్పించినందుకు బూట్ల కంపెనీ మనుషుల నుంచి లక్ష డాలర్ల ఏర్పాటు జరిగిందని తేలింది. కోచ్ రిక్ పిటినో ఉద్యోగం పోయింది. ఆ కుర్రాడు కాలేజీ ఆట ఒక్కటీ ఆడలేకపోయాడు. పెద్దవాళ్ల బేరానికి పిల్లవాడి నాలుగేళ్లు పోయాయి.

నల్లగొండ_నరసన్న | సాయంత్రం 7:02

మన సంఘాల్లో పదవుల కోసం కొట్టుకునేవాళ్లు ఇంకా ఈ రంగంలోకి దిగలేదు, సంతోషించండి.

నిర్వాహకుడు | సాయంత్రం 7:15

సంఘాల రాజకీయాలపై వచ్చిన పది వ్యాఖ్యలు తొలగించాను. ఆట గురించి మాట్లాడుకోండి.

వీసా_విశ్వం | రాత్రి 8:30

ఫ్రిస్కో గారూ, మీవాడు హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాడా? ఉంటే ఈ చర్చలో మీకు అన్నింటికన్నా ముఖ్యమైన ముక్క ఇదే.

ఆట స్కాలర్‌షిప్‌కు వీసా అడ్డం కాదు. హెచ్4 మీదైనా, విద్యార్థి వీసా మీదైనా తీసుకోవచ్చు. చిక్కంతా డబ్బు సంపాదన దగ్గర. 2021 జూలై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. కానీ హెచ్4 మీద ఉన్న పిల్లలకు ఇక్కడ పని చేసే అనుమతి లేదు. ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే అది పని కిందికి వస్తుంది. విద్యార్థి వీసా వాళ్లకూ దాదాపు అదే ఇబ్బంది. పర్డ్యూ ఆటగాడు జాక్ ఈడీ వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు, కెనడా వాడు. తోటి తారలు సంపాదించినట్టు ఇక్కడ సంపాదించలేకపోయాడు. కెంటకీ ఆటగాడు ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ దాటాక అక్కడ ప్రకటనల పని చేసుకున్నాడు.

కాబట్టి పేజీకి ఎవరైనా చిన్న వ్యాపారి "మా ప్రోటీన్ పొడి పెట్టండి, ఇంత ఇస్తాం" అంటే ఆశపడకండి. ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా పైసా ముట్టవద్దు. 21 నిండితే హెచ్4 ఉండదు, విద్యార్థి వీసాకు మారాలి. మన గ్రీన్‌కార్డు వరుస సంగతి మీకు తెలిసిందే. హైస్కూలు దశలో డబ్బు తీసుకోవడంపై ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నిబంధన ఉంది, అది మళ్లీ వేరే గొడవ.

హనుమకొండ_అభిమాని | సోమవారం, ఉదయం 6:10

ఇక్కడి నుంచి ఒక ప్రశ్న. మా తమ్ముడి కొడుకు ఆరడుగుల ఆరంగుళాలు, జిల్లా స్థాయిలో ఆడతాడు. అమెరికాలో డివిజన్ 1 స్కాలర్‌షిప్ ఖాయంగా ఇప్పిస్తామని ఒకరు లక్షలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

పాతకోచ్ | ఉదయం 7:30

ఇవ్వకండి. ఖాయమని చెప్పగలిగేది కాలేజీ కోచ్ ఒక్కడే, ఆయన మీ దగ్గర డబ్బు అడగడు. మొహాలీ కుర్రాడు అమాన్ సంధు ఎన్‌బీఏ అకాడమీలో తయారై, ఇక్కడ హైస్కూలు చదివి, న్యూజెర్సీలోని మోన్మత్‌కు ఆడాడు. దారి ఉంది, బాగా ఇరుకు. ముందు వాడి తొమ్మిదో తరగతి నుంచి మార్కుల పత్రాలన్నీ భద్రపరచండి. ఎన్‌సీఏఏ అర్హత కేంద్రం అవి అడుగుతుంది. ఆ ఎత్తున్న కుర్రాడి పూర్తి మ్యాచ్ వీడియోలు రెండు తీసి పెట్టండి, ఏ కోచ్ అయినా ఒకసారి తెరిచి చూస్తాడు.

శాన్‌రామోన్_శ్రీని | ఉదయం 8:05

ఫ్రిస్కో గారికి పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. మావాడు కోచ్‌లకు పంపిన సందేశం ఎలా ఉండేదంటే: పేరు, ఏ ఏడాది హైస్కూలు ముగుస్తుందో, నిజమైన ఎత్తు, ఏ స్థానంలో ఆడతాడో, మార్కుల సగటు, రెండు నిమిషాల వీడియో లింకు, స్కూలు కోచ్ ఫోను నంబరు, వచ్చే మ్యాచ్‌లు ఎక్కడ ఎప్పుడు. మధ్యలో ఒక్క వాక్యం, ఆ జట్టు ఆట నిజంగా చూసినవాడు మాత్రమే రాయగలిగింది. "మీ గార్డులు పిక్ (దారికి అడ్డు నిలబడటం) దగ్గర మారకుండా తమ ఆటగాడి వెంటే పడతారు, నేను అలాగే కాపలా కాస్తాను" లాంటిది. ఆ వాక్యం కోసం వాడు ఆ జట్టు మ్యాచ్‌లు కూర్చుని చూసేవాడు. అందరికీ ఒకే సందేశం పంపితే కోచ్‌లకు తెలిసిపోతుంది.

వీడియోలో మొదటి అయిదు ముక్కలే ముఖ్యం. మీవాడు ఎవరో బాణం గుర్తు పెట్టండి. పాట వద్దు. బుట్టలే కాకుండా కాపలా, రీబౌండు, మంచి పాస్, బంతి పోయాక వెనక్కి పరుగెత్తడం పెట్టండి.

పాతకోచ్ | ఉదయం 8:21

ఆ "నిజమైన ఎత్తు" దగ్గర అండర్‌లైన్ చేసుకోండి. ఆరడుగులని రాసి ఐదడుగుల పదకొండుతో ఎదుట నిలబడితే, మిగతా వివరాల మీద కూడా అనుమానం వస్తుంది.

బెంచి_చివరి_కుర్రాడు | ఉదయం 10:40

మనవాళ్లకు ఎత్తు తక్కువైతే దారులు లేవని కాదు. వరుణ్ రామ్ ఐదడుగుల తొమ్మిది అంగుళాలవాడు. డివిజన్ 3 కాలేజీ నుంచి మేరీలాండ్‌కు మారి, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరాడు. 2015 మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంటులో వాల్పరైజోతో మ్యాచ్, మూడు పాయింట్ల ఆధిక్యం, చివరి క్షణాలు. కోచ్ కాపలా కోసం వాడినే దింపాడు. వాడు అడ్డుపడటంతో అవతలివాడు షాట్ వేయలేకపోయాడు. బుట్ట వేయలేదు కాబట్టి అది మామూలుగా హైలైటు వీడియోలో పెట్టే రకం ఆట కూడా కాదు. టెక్సస్‌లో మీ పక్క ఊరు కొప్పెల్ నుంచే రయన్ అగర్వాల్ 2022లో స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు. అతను పొడగరి అనుకోండి.

ఫ్రిస్కో_నాన్న | రాత్రి 9:30

అన్నీ చదివాను, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఆవిడ సంతోషం చెప్పనలవి కాదు.

పేజీ మూసేయడం లేదు. శ్రీని గారి మాటే నాకు నచ్చింది. మావాడిని అడిగాను, ఉంచమన్నాడు; పాటలు మాత్రం తీసేయమన్నాడు, అవి మరీ పాతవట. కోచ్‌లకు వాడే రాస్తాడు. మ్యాచ్‌లో నేను మెట్ల మీద పై వరుసలో కూర్చుంటాను, కెమెరా పట్టుకుంటే నోరు ఎలాగూ మూతపడుతుంది. శిబిరానికి వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

విశ్వం గారూ, హెచ్4నే. మాధవి గారు చెప్పిన డివిజన్ 3 కాలేజీల మీద మనసు పోతోంది. అక్కడ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం మావాడికి వర్తిస్తుందా?

వీసా_విశ్వం | రాత్రి 10:02

ఫెడరల్ ప్రభుత్వ సహాయం హెచ్4 పిల్లలకు రాదు. కాలేజీ తన సొంత నిధి నుంచి ఇచ్చేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని కాలేజీలు మన పిల్లలను అంతర్జాతీయ విద్యార్థుల కింద లెక్కించి, దరఖాస్తులో సహాయం అడిగితే దాన్ని కూడా ప్రవేశంలో పరిగణిస్తాయి. కొన్ని అలా చేయవు. ఎంఐటీ లాంటి కొద్ది చోట్ల పౌరసత్వంతో సంబంధం లేకుండా అవసరమంతా ఇస్తారు. కోచ్‌ను అడిగితే ఆయనకు తెలియకపోవచ్చు. ఆర్థిక సహాయ కార్యాలయానికి రాయండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పదకొండో తరగతిలోనే అడగండి.

మాధవి_యాష్‌బర్న్ | రాత్రి 10:18

దానితో పాటు స్కూలు కౌన్సెలర్ దగ్గరికి ఈ నెలలోనే వెళ్లండి. డివిజన్ 1 అర్హతకు 16 ముఖ్య సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 సగటు కావాలి. మన పిల్లలకు సగటు సమస్య కాదు. కానీ ఆ పదహారింటిలో పది, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి, పైగా స్కూల్లో చదివే ప్రతి సబ్జెక్టూ ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉండదు. ఆ జాబితా స్కూలు పేరుతో వెతికితే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో వేసవిలో చదివిన సబ్జెక్టులుంటే వాటిని ప్రత్యేకంగా సరిచూసుకోండి. మా అమ్మాయి స్నేహితురాలికి అక్కడే చిక్కొచ్చింది.